పసుపు గుడ్డ కట్టిన పనస

జగ్గమ్మ ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించదు. నెత్తి మీది కూరల తట్ట వీధి అరుగు మీద దించి, నేరుగా పెరట్లోకి నడిచి, చెట్లను పలకరిస్తుంది. ఆ పలకరింపైనా తిన్నగా ఉండదు. "ఏటే, అలాగ సిక్కిపోనావు? నీళ్లు పోసే దిక్కు నేదేటి నీకు?" అని నిమ్మచెట్టును నిలదీస్తుంది. నిమ్మచెట్టుకు ఏం తెలుసు పాపం. ఆ మాట వెళ్లి వంటింట్లో ఉన్న ఇల్లాలికి తగులుతుంది. తగలాలనే జగ్గమ్మ ఎత్తు.

గజపతినగరం షావుకార్ల వీధిలో ఆవిడ తట్ట దించని ఇల్లు లేదు. కాపురం పక్క పల్లెలో. మొగుడు సోములు పల్లంలో వరి వేస్తాడు, మెట్టలో చోళ్లూ, అంటే రాగులూ, నువ్వులూ చల్లుతాడు. పాదుల మీద కాసిన ఆనపకాయలూ బీరకాయలూ ఊళ్లోకి తెచ్చి అమ్మే పని జగ్గమ్మది. కూరలమ్మడం వంక మాత్రమేననీ, అసలావిడ వచ్చేది చెట్ల నాడి చూడటానికేననీ వీధిలో అందరికీ తెలుసు. ఆవిడ తండ్రి మామిడితోటకు కావలి. చిన్నతనమంతా ఆ తోటలోనే గడిచింది. చెట్టు మొదట్లో రంపపు పొట్టులాంటిది రాలితే లోపల పురుగు తొలుస్తోందని, పక్కన పుట్టగొడుగులు లేస్తే వేరు కుళ్లుతోందని, గోటితో బెరడు గీకినచోట పచ్చదనం కనబడినంతకాలం ఆశ వదులుకోనక్కర్లేదని ఆవిడకు అక్షరాలు రాకముందే వచ్చు. అక్షరాలు ఆ తర్వాత కూడా రాలేదు.

ఒకసారి సూర్యకాంతం గారింట్లో కరివేపాకు చెట్టు ఒక్క పక్కే మాడిపోయింది. ఎవరో చేతబడి చేశారని ఆవిడ అనుమానం. జగ్గమ్మ చెట్టు చుట్టూ తిరిగి, మాడిన పక్కనే ఉన్న వంటింటి కిటికీని చూసి, "గంజి సల్లారినాక పారబొయ్యి తల్లీ. నీ నెత్తిన పోసుకుంటే ఎలాగుంటాదో ఒకసారి సూసుకో" అంది. సూర్యకాంతం మూతి ముడుచుకుని చాలా రోజులు కూరలు కొనలేదు. కరివేపాకు చిగిర్చాక మళ్లీ కొనడం మొదలుపెట్టింది, బేరం మాత్రం ఇంకాస్త గట్టిగా ఆడింది.

ఇంత తెలిసిన మనిషికి ఒక్క లోటు ఉంది. తన అంచనా తప్పిందని ఒప్పుకోవడం ఆవిడకు చేతకాదు. ఆ లోటు కూడా తీరే కథ పంతొమ్మిది వందల అరవై ఎనిమిది మాఘమాసంలో మొదలైంది, నగరేశ్వరరావు గారి పెరట్లో.

నగరేశ్వరరావుది బెల్లం, చింతపండు వ్యాపారం. భార్య అప్పలనరసమ్మ. ఒక్కడే కొడుకు ధర్మారావు. కిందటి వైశాఖంలో అతనికి పాతపట్నం పిల్ల పద్మకుమారితో పెళ్లయింది. పెరట్లో పనసచెట్టు ఇంకా పడుచుది. ఏటా నాలుగైదు కాయలు కాసి మర్యాద నిలబెట్టుకునేది. అలాంటిది కోడలు వచ్చిన ఏడాది విరగబడి పిందె వేసింది. కొమ్మ కొమ్మకూ గుత్తులే. సాలూరు లారీలకు బెల్లం ఎత్తే కూలీలు కూడా పెరట్లోకి తొంగిచూసి నోళ్లు వెళ్లబెట్టారు.

"మా కోడలి కాలు" అంది అప్పలనరసమ్మ. ఆ మాట వీధి ఈ చివర నుంచి ఆ చివరకు తానే మోసుకెళ్లి, మొదటింట్లో మరిచిపోయారేమోనని మళ్లీ వచ్చి చెప్పింది. పద్మకుమారి సిగ్గుపడి నవ్వేది. పెద్దవాళ్లు తనను చూసి మురిసిపోతుంటే ఏ కొత్తకోడలికి చేదు?

జగ్గమ్మను చెయ్యి పట్టుకుని మరీ పెరట్లోకి లాక్కెళ్లింది అప్పలనరసమ్మ. "చూడు! ఈ చెట్టునైనా తిట్టగలవేమో చూడు!"

జగ్గమ్మ చూసింది. కాయలను ఒకసారి చూసి ఊరుకుంది. ఆకులను చాలాసేపు చూసింది. పనసాకు నల్లగా నిగనిగలాడాలి. ఇవి చిన్నబోయి, పసుపు తిరిగి, చిటారు కొమ్మల్లో అప్పుడే రాలుతున్నాయి. మొదలు మీద బంక కారి ఎండింది. తండ్రి తోటలో ఇలాంటివి ఆవిడ చూసింది. చావు దగ్గరపడ్డ చెట్టు ఉన్న బలమంతా ఊడ్చిపెట్టి ఒక్కసారి కాస్తుంది, ఆ పై ఏడాది వంటచెరకు అవుతుంది.

"ఏమంటావు?" అంది అప్పలనరసమ్మ.

"ఏటంటాను. కాసింది" అని జగ్గమ్మ తట్ట ఎత్తుకుంది. ఆవిడ అంత తక్కువ మాట్లాడటం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

మాట్లాడకపోవడానికి కారణం ఉంది. జగ్గమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో అత్తవారి దుక్కిటెద్దు చచ్చిపోయింది. ఆ ఎద్దు ముసలిది, పళ్లూడి చాలాకాలమైంది, అయినా కొత్తకోడలి కాలే దాన్ని చంపిందన్నారు. ఆ మాట చెరగడానికి ఏళ్లు పట్టింది. సోములు మంచివాడు గనక సరిపోయింది గానీ, పొలంలో చీడ పట్టినా పాలు విరిగినా ఇంటిల్లిపాదీ తన పాదాల వంక చూడటం ఆవిడ మరిచిపోలేదు. ఈ రోజు కాయలన్నీ పద్మకుమారి కాలు అయితే, రేపు చెట్టు నిలువునా ఎండితే అది ఎవరి కాలు?

రెండు రోజులాగి, అప్పలనరసమ్మ పూజలో ఉండగా వచ్చి, పద్మకుమారిని గిలక బావి దగ్గర పట్టుకుంది. "అమ్మీ, సెట్టుకి ఒంట్లో బాగునేదు. నువ్వు బెంగెట్టుకోకు. పురుగు దూరినట్టున్నాది, నాను తీసీస్తాను."

పద్మకుమారి మొహం పాలిపోయింది. జగ్గమ్మ ఇనప చువ్వతో కన్నాలు వెతికి, దూది కిరసనాయిలులో ముంచి కుక్కి, పైన బంకమట్టీ పేడా మెత్తింది. ముందుజాగ్రత్తకు మందు వేస్తున్నానంటే అప్పలనరసమ్మ సంతోషించి కాఫీ ఇచ్చింది. ఆవిడ అలా నవ్వుతూ గ్లాసు అందిస్తుంటే జగ్గమ్మ మొహం చెట్టు వైపు తిప్పుకుని తాగింది.

ఫాల్గుణం వచ్చింది. ఆకు ఇంకా రాలింది. మందు పనిచేయలేదు. జగ్గమ్మ చెట్టును తిట్టింది, పురుగును తిట్టింది, మధ్యలో కిరసనాయిలు అమ్మినవాణ్ణి కూడా తిట్టింది. తన చూపే తప్పేమోనని మాత్రం తట్టలేదు.

తట్టింది పద్మకుమారికి. ఆ పిల్ల రోజూ ఆ చెట్టు కిందే జుట్టు ఆరబెట్టుకుంటుంది. ఒక పొద్దున జగ్గమ్మతో అంది: "మామ్మా, మా పాతపట్నంలో పనస మొదట్లోనే కాస్తాది. కాయలు నేలకి ఆనిపోతాయి. దీనికి అడుగున ఒక్క పిందె కూడా లేదేటి? అన్నీ ఆ గుడ్డకి పైనే ఉన్నాయి."

జగ్గమ్మ తలెత్తింది. ఆ గుడ్డను ఆవిడ ప్రతిసారీ చూస్తూనే ఉంది. చూస్తూ పక్కకు తప్పుకుని మిగతా చెట్టంతా వెతికింది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెళ్లిపందిరి వేసిన రోజున పెరటి చెట్టుకు చుట్టాన్ని పిలిచినట్టు బొట్టు పెట్టి, మొదలుకు పసుపు గుడ్డ కడతారు. కోడలు నీళ్లోసుకున్నాక ఆ గుడ్డ విప్పి, పుట్టబోయే బిడ్డకు మొదటి పొత్తిగుడ్డగా దాస్తారు. ఈలోగా అది జారకూడదు, ఎవరూ తాకకూడదు. శుక్రవారం అప్పలనరసమ్మ ఒక్కతే తలస్నానం చేసి దానికి కుంకుమ పెడుతుంది. అలాంటి గుడ్డ మీద చెయ్యి వేయాలన్న ఆలోచన జగ్గమ్మకైనా ఎలా వస్తుంది? గుడి తలుపులాగే దాన్ని వదిలేసింది.

ఇప్పుడు అటూ ఇటూ చూసి, చెంపలు వాయించుకుని, గుడ్డ మీంచే తడిమింది. గుడ్డ పై అంచున చెట్టు గొంతు వాపులా ఉబ్బి ఉంది. దాని కింద వేలు దిగబడే గాడి. ఆ గాడిలో గట్టిగా, చల్లగా ఏదో తగిలింది.

"ఇందులో ఏటున్నాది?"

"తీగ మామ్మా. ఎప్పుడో మా అత్తయ్య గారి తోడికోడలు పెళ్లికి గుడ్డ గాలికి ఎగిరిపోయిందట. ఆవిడకి చాలాకాలం పిల్లల్లేరట. అలా అవకూడదని మా ఆయన చేత ఇనపతీగ నాలుగు చుట్లు చుట్టించి, కటింగ్ ప్లేయరుతో బిగించి, పైన గుడ్డ కట్టించారు."

జగ్గమ్మ కిందికి కూలబడింది. వానాకాలమంతా పడుచు చెట్టు లావెక్కింది, తీగ లావెక్కలేదు. పురుగూ లేదు, పుట్రా లేదు. మనుషులు ప్రేమతో కట్టిన తీగ చెట్టు మెడ కోస్తోంది.

"నాను తప్పు సూసినానే అమ్మీ" అంది. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఈ మాట ఈదిలో అనీకు."

పద్మకుమారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అత్తయ్య గుడికి వెళ్లినప్పుడు తీగ తీసేసి, గుడ్డ మళ్లీ కట్టేద్దామా?"

"వొద్దు. దొంగతనంగా సేస్తే, రేపు ఈ ఇంట్లో ఏటి జరిగినా నీ సెయ్యే అంటారు. కాలుతో పాటు సెయ్యి కూడాను. అందరి ముందూ విప్పాల. మీ యత్తే విప్పాల."

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నగరేశ్వరరావు పెరటి వసారాలో మంచం మీద నడుం వాల్చాడు. అప్పలనరసమ్మ తమలపాకులు తుడుస్తోంది. జగ్గమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"షావుకారమ్మా, ఒక మాట. నీకు కోపం వస్తాది. వచ్చినా ఇనాల."

"కోపం రాని మాట నువ్వెప్పుడు చెప్పావు?"

"సెట్టు సచ్చిపోతన్నాది."

ఆకులు ఒళ్లోంచి జారిపోయాయి. "ఏటీ! కొమ్మలు విరిగేలా కాస్తే చచ్చిపోతన్నాదంటావా? నీ నోట్లో మంచి మాట పుట్టదేటి?"

"సచ్చిపోతన్నాది గనకే అలాగ కాసింది. దాని పీక నొక్కీసినారు తల్లీ. ఆ గుడ్డ కింద తీగ బెరట్లోకి దిగిపోనాది. పైన ఆకు వండిన కూడు వేరుకి దిగడం నేదు. అదంతా కాయల్లోకి ఎల్లిపోతన్నాది. వేరు పస్తులుంటే సెట్టు ఎన్నాళ్లుంటాది? తీగ కొయ్యాల. కాయలు కూడా దించీయాల."

"కోడలు నీళ్లోసుకోకుండా గుడ్డ విప్పడమా! మతుండే మాట్లాడుతున్నావా?"

జగ్గమ్మ కోపం తెచ్చుకోలేదు. గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "ధర్మారావు బాబు పుట్టినప్పుడు నీకు నొప్పులు ఆగిపోనాయి గదా. పుట్టింట్లో తల్లి నేదని పురుడు ఇక్కడే పోసినారు. అప్పుడు మీ యత్త ఏటి సేసింది?"

మంచం మీద నుంచి నగరేశ్వరరావు నవ్వు వినబడింది.

"ఏం చేసిందా? ఇంట్లో ముడి అన్నది లేకుండా చేసింది మాయమ్మ! పెట్టెల తాళాలు తీయించింది. ఆడవాళ్ల జడలు విప్పించింది. ఆవుల పలుపులు విప్పించింది, అవి పోయి పక్కవాళ్ల చేలో పడ్డాయి. నా మొలతాడు కూడా ఉంచలేదు. అంతటితో ఆగిందా? కొట్లో బస్తాల మూతులన్నీ విప్పమంది. వీడు పుట్టాడు గానీ, మినుములన్నీ ఎలకల పాలయ్యాయి!"

పద్మకుమారి పకాలున నవ్వి, అత్తగారి మొహం చూసి నోరు మూసుకుంది.

"మరింకేటి" అంది జగ్గమ్మ. "బిడ్డ రావాలంటే ముడి విప్పాల. మీ యత్త ఎరిగిన మాటే. బిడ్డ రావాలని ముడి బిగించడమేటి తల్లీ? అదీ ఇనప ముడి."

అప్పలనరసమ్మ చెట్టు వైపు చూసింది. ఒప్పుకున్నట్టు లేదు, కాదన్నట్టూ లేదు. ఆవిడ కళ్లు కాయల మీదే ఉన్నాయి. ఇన్నాళ్లూ వీధి వీధంతా తిరిగి చెప్పుకున్న వైభవం అది.

అప్పుడు పద్మకుమారి నోరు విప్పింది. "అత్తయ్యా, ఈ కాయలు నా కాలే అన్నారు. నాకూ బాగుంది. చెట్టు ఎండిపోతే అదీ నా కాలే అవుతాది గదా."

"ఎవరే అనేది?" అప్పలనరసమ్మ గయ్యిమంది. "ఈ ఇంట్లో ఎవరే ఆ మాట అనేది?"

"వీధి అంటాది."

అప్పలనరసమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ పిల్ల ఎన్ని రోజులుగా సరిగా తినలేదో, ఎందుకు తినలేదో అప్పుడు తెలిసింది ఆవిడకు. లేచి లోపలికి వెళ్లింది. కోపగించి వెళ్లిందనే అందరూ అనుకున్నారు. ఆవిడ పసుపూ కుంకుమా ఉన్న పళ్లెంతో తిరిగొచ్చి, కొట్లోంచి కొడుకును పిలవమంది.

గుడ్డ ఆవిడే విప్పింది. దులిపి, మడతపెట్టి, కళ్లకద్దుకుని కోడలి చేతిలో పెట్టింది. తీగ ధర్మారావు కోశాడు. బిగించిన చెయ్యే గనక సిగ్గుతో తల ఎత్తలేదు. చుట్టు చుట్టుకూ బెరడు ముక్క ఊడి, తెల్లటి పాలు కారాయి. ఆఖరి చుట్టు ఊడగానే జగ్గమ్మ ఎర్రమట్టీ పేడా కలిపిన ముద్ద గాయానికి మెత్తి, చెట్టును అరచేత్తో ఒక్కటి చరిచింది. "నోరు నేనిదానివి. సెప్పడం నేర్సుకోవాల!" అంది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం తిడుతోంది.

ఇక కాయలు దించడం. కొమ్మ మోయగలిగినన్ని నాలుగు ఉంచి మిగతావన్నీ కోయమంది జగ్గమ్మ. ఒక్కో పిందె పడుతుంటే అప్పలనరసమ్మ "అయ్యో" అంది. తట్ట నిండేసరికి "అయ్యో" కాస్త తగ్గింది. పెరడు నిండేసరికి ఆవిడకు అసలు సంగతి తట్టింది: ఇన్ని పిందెలు! పనసపొట్టు! ఆవ పెట్టిన కూర!

ఆ సాయంత్రం షావుకార్ల వీధిలో కత్తుల చప్పుడు తప్ప ఇంకోటి వినబడలేదు. ఇంటింటా చేతులకు నూనె రాసుకుని ఆడవాళ్లు పనసపొట్టు కొట్టారు. సూర్యకాంతం కూడా పీట వేసుకుని కూర్చుంది. జిగురంటి గాజులు ఒకదానికొకటి అతుక్కుపోయాయని ఒకావిడ గోల. నగరేశ్వరరావు అర్ధాంతరంగా కొట్టు కట్టేసి వచ్చి, ఎవరికి ఎన్ని ఇవ్వాలో తానే పంచాడు. ఆవపిండి ఘాటుకు వీధిలో అందరికీ తుమ్ములు. జగ్గమ్మ తట్టలో కూరలు పెట్టుకొచ్చింది, పనసపిందెలు పెట్టుకెళ్లింది. సోములు ఆ రాత్రి మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. పద్మకుమారి విస్తట్లో అత్తగారు దగ్గర కూర్చుని మరీ కూర వేసింది, తినేదాకా లేవనివ్వలేదు.

వానలకు గాయం అంచులు బొద్దుగా పెరిగి దగ్గరకు వచ్చాయి. ఆకు మళ్లీ నల్లబడింది. జగ్గమ్మ వచ్చినప్పుడల్లా గోటితో గీకి చూసి, సంతోషం దాచుకోవడానికి ఇంకాస్త గట్టిగా తిట్టేది.

మళ్లీ మాఘం వచ్చింది. చెట్టు మూడే మూడు పిందెలు వేసింది. మూడూ మొదట్లో, మట్టికి ఆనుకుని ఉన్నాయి. జగ్గమ్మకు అవి చాలు; వేరుకు కూడు అందుతోందన్నమాట. కానీ ఆవిడకు లోలోపల బెదురు పట్టుకుంది. పద్మకుమారి ఇంకా నీళ్లోసుకోలేదు. గుడ్డ విప్పారు, కడుపు పండలేదు, కాయలూ పోయాయి. ఇప్పుడు ఆ పిల్ల పాదాల వంక ఎవరు చూస్తారోనని ఆ గుమ్మం తొక్కేటప్పుడల్లా చెవి అటు వేసే ఉంచేది.

ఒక పొద్దున తట్ట దించుతుండగా ఆ మాట వినబడనే వినబడింది. సూర్యకాంతం పెరటి గోడ మీద మోచేతులు ఆన్చి చెట్టును చూస్తోంది. పద్మకుమారి బావి దగ్గరే ఉంది.

"ఏంటి వదినా, మూడేనా? నీ కోడలి కాలు మహత్యం ఒక్క ఏడాదితో సరా?"

చేద బావి గట్టుకు తగిలి చప్పుడైంది. జగ్గమ్మ తట్టను ఉన్నపళంగా అరుగు మీద వదిలేసి, కొంగు బిగించి, రెండడుగులు వేసింది. అంతకంటే ముందే అప్పలనరసమ్మ పెరట్లో అందుకుంది.

"ఓసే సూర్యకాంతం, మా కోడలికి కాళ్లున్నది నడవడానికి. పనసకాయలు కాయించడానికి కాదు. కాయలు కావాలంటే చెట్టునడుగు. పిల్లలెప్పుడని అడగాలంటే నన్నడుగు, నేను చెప్తాను నీకు జవాబు. దాని కాళ్ల మాట ఇంకోసారి ఎత్తావంటే పొట్టు కాదు గదా, పనసాకు కూడా నీ ఇంటికి రాదు!"

గోడ మీది మోచేతులు మాయమయ్యాయి. పద్మకుమారి నిండు చేద చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది, తర్వాత నవ్వింది, ఆ నవ్వులో నీళ్లు సగం చీర మీద ఒలకబోసుకుంది. జగ్గమ్మ బిగించిన కొంగు వదులు చేసింది. ఎవరి కోసమో తెచ్చుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి, వాటితో ఇక పని లేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని, తట్టలోంచి అన్నింటికంటే లేత ఆనపకాయ ఏరి, లోపలికి వినబడేలా కేకేసింది.

"షావుకారమ్మా! ఇయ్యాల ఇది నీకు ఊరకే!"